కుట్టు విప్పిన పుస్తకం

వనపర్తిలో నూలు దుకాణం ముందు నిలబడి, పట్టు పోగును వెలుతురుకు పట్టి చూస్తుంటే ఫోను మోగింది. మా అత్తమ్మ. ఫోనులో ఎప్పుడూ వీధి వీధంతా వినబడేలా మాట్లాడే మనిషి, ఆ రోజు చాలా మెల్లగా మాట్లాడింది.

"టీచర్ పోయింది బిడ్డా. పొద్దున చాయ తాగి గోడకు ఒరిగి కూసున్నదట. గట్లనే పోయింది. నువ్వు జల్ది రా."

పోగును దుకాణదారు చేతిలో పెట్టి బస్టాండుకు నడిచాను. ఏం కొన్నానో, ఏం వదిలేశానో గుర్తులేదు. గద్వాల బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక గాని ఏడుపు రాలేదు.

టీచర్ అంటే మాకు బాలికల హైస్కూలులో డ్రాయింగ్ చెప్పిన టీచర్. రిటైరై చాలా ఏళ్లయినా మా మగ్గాల వీధిలో ఆమెకు వేరే పేరు లేదు. పుట్టింది తిమ్మాజిపేట దగ్గర, మెట్ట సేద్యం చేసుకునే ఇంట్లో. బిజినేపల్లిలో కొంతకాలం, నాగర్‌కర్నూల్‌లో కొంతకాలం పనిచేసి, గద్వాలకు బదిలీ మీద వచ్చి ఇక్కడే ఉండిపోయింది. మా ఇంటికి ఎదురుగా ఒక పాత మట్టి మిద్దె అద్దెకు తీసుకుని ఒక్కతే ఉండేది. పెళ్లి ఎందుకు చేసుకోలేదని అడిగే ధైర్యం మాలో ఎవరికీ లేదు. ఆమె చెప్పనూ లేదు.

టీచర్‌ను నేను "అన్నది", "పోయింది" అనే రాస్తున్నాను. మా దిక్కు ఇష్టమైన ఆడమనిషి గురించి ఇట్లాగే మాట్లాడతాం. గౌరవం తక్కువై కాదు.

చాలా బడులలో డ్రాయింగ్ పీరియడ్ అంటే లెక్కల సారు వచ్చి కూర్చునే పీరియడ్. మా టీచర్ ఇచ్చేది కాదు. "పరీక్షలు దగ్గరికొచ్చినయి మేడం" అని సార్లు అడిగితే, "నా పిల్లలకు కూడ పరీక్షనే సార్, బయటికి తీస్కపోతున్న" అనేది. మమ్మల్ని గ్రౌండు అంచుకు తీసుకుపోయి గడ్డిలో కూర్చోబెట్టేది. మిడత ఒకటి గడ్డిపోచ పట్టుకుని ఉంటే దాని చుట్టూ మేము. పెన్సిళ్లు తీయబోతే ఆపేది. "ముందు సూడుండ్రి. పెన్సిల్ యాడికి పోదు, మిడత పోతది." ఆ మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. చీర అంచుకు డిజైన్ గీసేటప్పుడు గ్రాఫ్ కాగితం ముందు పెట్టుకుని నేను చాలాసేపు ఊరికే కూర్చుంటాను. మా ఆయన నవ్వుతాడు. ఆ అలవాటు టీచర్‌ది.

ఆదివారాలు గట్టు ఊరి వైపు బస్సెక్కి, ఎక్కడో ఒక బీడు దగ్గర దిగి ఎండలో తిరిగేది. తుమ్మ చెట్ల కింద వంగి పురుగుల్ని చూసే ఈ మనిషిని చూసి రైతులు భూమి కొనడానికి వచ్చిందనుకునేవాళ్లు. "ఎకరం ఎంతకు కొంటరు మేడం?" అని ఒకాయన అడిగితే, "నాకు భూమి వద్దు పటేలా, జర నీ నీడ పక్కకు జరుపు, పురుగు కనవడ్తలేదు" అన్నదట. ఈ సంగతి ఆమే చెప్పి ఆమే నవ్వేది.

రిటైరైన కొన్నాళ్లకు ఆమె కుడిచేయి వణకడం మొదలైంది. దవాఖానలో మందులిచ్చారు. వణుకు తగ్గలేదు, పెరగకుండా మాత్రం ఉంది. అప్పటి నుంచి ఆమె బొమ్మలు వేయడం మానేసింది. దాని గురించి ఎవరి దగ్గరా బాధపడలేదు. చాయ ఇస్తే మాత్రం, "సగమే పొయ్యి బిడ్డా" అనేది. మాకు అదే అలవాటై, ఆమెకు ఇచ్చే గ్లాసులన్నీ సగమే నింపేవాళ్లం.

ఇక నేను చెప్పాలనుకున్నది ఒక ముసురు గురించి, ఒక పుస్తకం గురించి. టీచర్ ఎలాంటి మనిషో నాకు పూర్తిగా తెలిసింది ఆ రోజుల్లోనే.

కొన్నేళ్ల కింద మా వీధికి జపాన్ నుంచి ఒకామె వచ్చింది. నేత మీద చదువుకున్న మనిషి. నూలు చీరకు పట్టు అంచును పోగు పోగునా కలిపే మా గద్వాల నేతను దగ్గరుండి చూడాలని వచ్చింది. వయసు నాకంటే కొంచెం ఎక్కువ ఉంటుందేమో. వీధిలో అందరూ జపానామె అనేవాళ్లు. ఉండడానికి టీచర్ తన ఇంట్లో ఒక గది ఇచ్చింది. ఆమెకు తెలుగు రాదు, ఇద్దరికీ వచ్చిన ఇంగ్లీషు కొంచెమే. మాట తట్టనప్పుడు జపానామె కాగితం మీద గీసి చూపేది. ఒకరోజు టీచర్ కూడా పెన్సిల్ అందుకుంది. గీత వణికింది. మేమందరం తలలు తిప్పుకున్నాం. జపానామె మాత్రం ఆ గీత పూర్తయ్యేదాకా చూసి, దాని కింద తన జవాబు గీసింది. ఆ రోజు నుంచి టీచర్ ముఖంలో ఏదో వెలుగు.

జపానామె వెంట ఒక పుస్తకం ఉండేది. తేలికైన చెక్కతో చేసిన పెట్టెలో, గుడ్డ చుట్టి. వాళ్ల తాతల కాలం నుంచి ఇంట్లో ఉన్నదట. పురుగులు, గడ్డి, పూలు, తూనీగలు. అంతా చెక్క మీద చెక్కి అచ్చు వేసినవి. ఒక్కో రంగుకు ఒక్కో చెక్క. అమ్మకానికి వేసినవి కావట. బాగా ఉన్నవాళ్లు కొందరు, తమ స్నేహితులకు పంచుకోవడానికి మంచి కాగితం, మంచి రంగులు పెట్టించి, పనిమంతులతో చేయించుకున్నవట. తూనీగ రెక్క మీద కాకిబంగారం పొడి అద్ది ఉంది. పేజీని కొంచెం వంచితే మెరుస్తుంది, ఇటు తిప్పితే ఆరిపోతుంది. ఒక పేజీలో తెల్ల పువ్వు ఉంది. దానికి రంగే లేదు. ఖాళీ చెక్కతో ఒత్తితే కాగితం లేచి రేకులైంది. వెలుతురు పక్క నుంచి పడితేనే కనబడుతుంది.

"గీ మనిషి కూడ గంటలకు గంటలు బీడు మీద కూసున్నడు. కూసోకుంటె గీ మిడత కాలు గిట్ల రాదు" అన్నది టీచర్, దాన్ని వేసినవాడి గురించి, తన తోటి పంతులు గురించి చెప్పినట్టు.

వానాకాలం మొదలయ్యాక జపానామె రాయచూరు మీదుగా కర్ణాటక లోపలి ఊళ్లకు వెళ్లాల్సి వచ్చింది, అక్కడి మగ్గాలు చూడడానికి. వానలో బస్సులెక్కి దిగుతూ ఆ పుస్తకాన్ని మోయలేనని, తిరిగి వచ్చేదాకా ఉంచమని టీచర్‌ను అడిగింది. టీచర్ మొదట వద్దన్నది. ఆమె ఒప్పించింది. ఒకే ఒక్క మాట గట్టిగా చెప్పింది. దాచిపెట్టకండి, చూడండి, మీ పిల్లలకు చూపించండి అని.

టీచర్ అట్లాగే చేసింది. సాయంత్రాలు వీధిలోని ఆడపిల్లలు వచ్చేవాళ్లు. చేతులు కడుక్కుని, తుడుచుకుని, ఒకరి తర్వాత ఒకరు పుస్తకం ముందు కూర్చునేవాళ్లు. పేజీ తిప్పే పని నాది. టీచర్ చేయి వణుకుతుంది కాబట్టి. అట్లా ఆ కాగితం నా వేళ్లకు అలవాటైంది.

తర్వాత ముసురు పట్టింది. వదలని వాన. మట్టి మిద్దెలన్నీ నానిపోయాయి. ఒక పొద్దున నేను మగ్గం గుంతలో దిగబోతుంటే టీచర్ గుమ్మంలో నిలబడి ఉంది. చీర కుచ్చిళ్లు తడిసి ఉన్నాయి.

"ఒకసారి రా బిడ్డా" అన్నది. "చేతులు కడుక్కొని రా."

ఆ రెండో మాటతోనే పుస్తకానికి ఏదో అయిందని తెలిసింది.

గది మూలలో, పిల్లలకు అందకుండా టీచర్ ఎత్తైన గూట్లో పెట్టిన చెక్క పెట్టె మీదికి మిద్దె కారింది. రాత్రంతా కారినట్టుంది. మట్టి నీళ్లు గోడ మీద చారలు కట్టాయి. పెట్టె లోపల నీళ్లు. గుడ్డ విప్పితే పుస్తకం ఉబ్బి ఉంది. మూటలో తడిసిన అటుకుల్లాగా. నేను తీసి ఫ్యాను కింద పెట్టబోయాను.

"ముట్టకు" అన్నది టీచర్. గొంతు పెంచలేదు. "పైపైన ఎండితే లోపల అంటుకుంటది. అంటుకుంటె అది మళ్ల పుస్తకం గాదు, ఇటుక. జర ఆగు. నన్ను ఆలోచించనియ్."

అప్పటికి మా అత్తమ్మ, మా ఆయన వచ్చారు. అత్తమ్మ పెట్టెలోకి చూసి గుండె మీద చేయి వేసుకుంది. "ఫారినోళ్ల సొత్తు టీచరమ్మా. కేసు గీసు పెడ్తదేమో."

టీచర్ వినలేదు. ఫోను తీసి నాకిచ్చింది. వేళ్లు వణికి ఆమెకు నంబరు నొక్కడం రాలేదు. "ఆమెకు కలుపు."

"ఇప్పుడా?" అన్నది అత్తమ్మ. "జర బాగుచేసి, ఎండినంక చెప్పరాదా. ఊర్లు తిరిగే పిల్లను ఎందుకు పరేషాన్ చేస్తవ్?"

"ఎండినంక చెప్తె అది ఎట్ల తయారైందో చూసి చెప్పినట్లయితది అక్కా. నేను పుస్తకం తడిసిందని చెప్పాలె. తడిసింది ఇప్పుడు."

ఫోను కలిసింది. టీచర్ తనకు వచ్చిన ఇంగ్లీషులో చెప్పింది. నీ పుస్తకం తడిసింది. మా ఇంటి కప్పు కారింది. అక్కడ పెట్టింది నేనే. అవతల బస్సు హారన్ ఒకటి వినబడింది. తర్వాత జపానామె ఒక్క ప్రశ్న అడిగింది. కాగితం మెత్తగా ఉందా, గుజ్జై జారుతోందా అని. మెత్తగా ఉంది, జారడం లేదు అన్నది టీచర్. ఆరనివ్వకండి, తొందర పడకండి, నేను వస్తున్నాను. అంతవరకు వినబడి లైను తెగిపోయింది. మళ్లీ ఎన్నిసార్లు చేసినా కలవలేదు. ఆమె కోపంగా ఉందో ఏడుస్తున్నదో మాకు తెలియదు. వస్తున్నది, అంతే.

టీచర్ ఇంట్లో పొడి చోటు లేదు. మా మగ్గం గదికి రేకుల కప్పు. పుస్తకాన్ని అక్కడికి తేవడం మా ఆయనకు ఇష్టం లేదు. నన్ను పక్కకు పిలిచి అన్నాడు.

"నువ్వెందుకు పోతున్నవ్ అండ్లకు? నీ చేతుల చినిగితె ఎవరి మీదికొస్తది?"

ఆ మాట టీచర్‌కు వినబడింది.

"నిజమే అయ్యా" అన్నది ఆమె. "ఆమె చేతుల చినిగితె అది నా చేతుల చినిగినట్లె. ఈడ అందరి ముంగట చెప్తున్న. వద్దంటె చెప్పు, వేరే తావు చూసుకుంట."

మా ఆయన మగ్గం మీద సగం నేసిన చీరకు గుడ్డ కప్పి, మంచాలు రెండు లోపలికి తెచ్చి వేశాడు.

గంజి పెట్టని పాత నూలు గుడ్డలు కావాలన్నది టీచర్. వీధిలో ఇల్లిల్లూ తిరిగి అత్తమ్మ తెచ్చింది. కేసు అవుతుందని భయపడిన మనిషే. పుస్తకాన్ని పళ్లెంలో పెట్టి నేను మొదటి అట్ట ఎత్తాను. అట్ట లేచింది, కానీ వెన్ను దగ్గర కుట్టు పట్టి ఉంది. దారం తడిసి బిగుసుకుపోయింది. పేజీ పూర్తిగా తెరుచుకోదు. బలవంతం చేస్తే కుట్టు దగ్గర చిరుగుతుంది. వదిలేస్తే లోపల బూజు.

కుట్టు కోయాలి. ఆ సంగతి ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. ఎవరూ నోటితో అనలేదు. జపానామెకు మళ్లీ ఫోను చేశాం. కలవలేదు. బయట వాన రేకుల మీద పడుతూనే ఉంది. పుస్తకం నుంచి నానిన చెక్క వాసన రావడం మొదలైంది.

నేను కత్తెర అందుకున్నాను. టీచర్ నా మణికట్టు పట్టుకుంది.

"కుట్టు నేను కోస్త."

"మీ చేయి..."

"వణుకుతది. తెలుసు. నువ్వు పుస్తకం కదలకుంట పట్టుకో. వాళ్ల తాతల నాటి కుట్టు. అడగకుంట కోస్తున్నం. దీని మాట నేనే పడాలె, నువ్వు గాదు."

ఆమె కత్తెర మొన దారం కిందికి పోవడానికి ఎంత కష్టపడిందో నేను చెప్పలేను. మొన కాగితం పక్కనే వణుకుతోంది. నేను పుస్తకాన్ని కదలకుండా పట్టుకున్నాను. అత్తమ్మ గోడ వైపు తిరిగింది. టీచర్ ఒకసారి ఆగి, కుడి మోచేతిని మోకాలికి ఆనించుకుని, ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని మళ్లీ మొదలుపెట్టింది. దారం తెగిన చప్పుడు కూడా రాలేదు. వదులైంది, అంతే. అట్లాగే ఒక్కో కుట్టు. అన్నీ అయ్యాక కత్తెర కింద పెట్టి, "ఇగ నీ పని" అన్నది. ఆమె జాకెట్టు చెమటతో తడిసి ఉంది.

ఆ కాగితం చెట్టు నారతో చేసిందని, అచ్చు వేసే ముందు దాన్ని తడుపుతారని జపానామె ఎప్పుడో గీసి చెప్పింది. టీచర్ అది గుర్తుపెట్టుకుంది. "నీళ్లల్ల పుట్టిన కాగితం. లాగితేనే తెగుతది. నువ్వు లాగకు, అది వదిలేదాక ఆగు." మగ్గం దగ్గరి సన్న వెదురు బద్ద ఒకటి నున్నగా చేసి, దాన్ని పేజీల మధ్యకు పంపుతూ కొంచెం కొంచెంగా లేపాను. లేచిన పేజీని గుడ్డ మీద పరిచి, పైన ఇంకో గుడ్డ. టీచర్ పక్కన పీట మీద కూర్చుంది. నా చేయి తొందర పడితే ఆమెకు ఎట్లా తెలిసేదో, "ఆగు" అనేది. మిడత వచ్చింది, కాళ్లు అట్లాగే ఉన్నాయి. తెల్ల పువ్వు వచ్చింది, ఒత్తిన రేకులు కొంచెం కుంగాయి. ఎర్ర పువ్వు అంచు ఒకచోట చెదిరింది. నాకు ధైర్యం వచ్చింది.

తర్వాత తూనీగ పేజీ. నీళ్ల మీద ఎగిరే తూనీగ. కింద లేత నీలం, చెరువంత. పేజీ లేపి గుడ్డ మీద వేశాను. గుడ్డ నీలంగా మారింది. ఏమైందో అర్థం కాక పేజీని ఎత్తాను. నీలం మొత్తం గుడ్డలోకి దిగిపోయింది. కాగితం తెల్లగా ఉంది. నా కళ్ల ముందే చెరువు నీళ్లు పోయాయి. తూనీగ మాత్రం రెక్కలు చాపి ఏమీ లేని చోట ఉండిపోయింది.

వేరే రంగులన్నీ నిలబడ్డాయి, ఇది ఒక్కటే ఎందుకు పోయింది? నేను గట్టిగా ఒత్తానా?

టీచర్ ఆ పేజీని చూసింది. చాలాసేపు చూసింది. నేను ఆమె ముఖం వైపు చూడలేకపోయాను.

"నీ చేయి గాదు" అన్నది చివరికి. "ఒత్తకముందే పోయింది. ఆగకు. ఎనుక ఇంకా ఉన్నయి. అవి తడిలనే ఉన్నయి."

ఆ సాయంత్రానికి పేజీలన్నీ విడిపోయాయి. తర్వాతి రోజులు గుడ్డలు మార్చడమే పని. ఎండ లేదు. ఫ్యాను మెల్లగా, గోడ వైపు తిప్పి పెట్టాం. కరెంటు పోయినప్పుడల్లా అత్తమ్మ విసనకర్ర పట్టుకుని కూర్చునేది. వీధిలో మాటలు మొదలయ్యాయి. కారే మిద్దెలో అట్లాంటిది ఎవరైనా పెడతారా, ఊరి పిల్లలందరికీ చూపిస్తారా అని. టీచర్ చెవిలో పడ్డాయి. ఆమె కాదనలేదు. "పెట్టింది నేనే, చూపించింది నేనే" అనేది. ఆ రోజుల్లో ఆమె సరిగా తినలేదు. బస్సు చప్పుడైతే గుమ్మంలోకి వచ్చి నిలబడేది.

జపానామె వాన పడుతుండగానే వచ్చింది. భుజాన సంచి, కాళ్లకు బురద. నేను నీళ్ల చెంబు అందించబోతే టీచర్ చేత్తో ఆపింది. ముందు లోపలికి తీసుకుపోయింది. బాగున్న పేజీలు పైన ఉన్నాయి. టీచర్ వాటిని పక్కకు జరిపి, తూనీగ పేజీ తీసి ఆమె ముందు పెట్టింది. పక్కనే తెగిన దారాలు, నీలం అంటిన గుడ్డ.

"కుట్టు నేను కోసిన" అన్నది. ఇంగ్లీషులో ఒకసారి, తెలుగులో ఒకసారి.

జపానామె ఆ పేజీని చూసి, లేచి వాకిట్లోకి పోయింది. మాకు వీపు చూపి వానలో నిలబడింది. అత్తమ్మ ఆమె దగ్గరికి పోబోతే టీచర్ వద్దన్నది. మేమందరం ఆ వీపు వైపు చూస్తూ కూర్చున్నాం. నా జన్మలో అంత పొడుగు సమయం ఇంకోటి లేదు.

ఆమె తిరిగి వచ్చి, చేతులు కడుక్కుని, తుడుచుకుని, మా పిల్లలు కూర్చునేచోటనే కూర్చుంది. కాగితం తీసి ఒక చిన్న పువ్వు గీసింది. ఆ నీలం ఆ పువ్వు రసమట. వెలుతురు పడ్డా పోతుంది, నీటిచుక్క పడ్డా పోతుంది. వాళ్ల ఊళ్లో బట్ట మీద డిజైన్ గుర్తులు పెట్టుకోవడానికి దాన్నే వాడతారట, తర్వాత ఉతికితే పోతుందని. పుస్తకాలలో ఆ నీలం ఇంతకాలం నిలవడమే అరుదు. అందుకే వాళ్ల నాన్న ఆ పేజీని ఎవరికీ చూపేవాడు కాదట. చిన్నప్పుడు తను చాటుగా తెరిచి చూసి దెబ్బలు తిన్నదట.

ఇదంతా చెప్పి, "బాధ లేదని చెప్పను" అన్నది.

"చెప్పకు" అన్నది టీచర్.

జపానామె అడిగింది. ఇక్కడ ఆ నీలం నీళ్లు ఎవరెవరు చూశారు? టీచర్ పిల్లల పేర్లు చెప్పడం మొదలుపెట్టింది. మగ్గాల వీధి పిల్లలు, వెనక వీధి పిల్లలు, బంధువుల ఇంటికి వచ్చి చూసిపోయిన ఒక అమ్మాయి. ఒక్కో పేరునూ జపానామె తన నోటితో పలికింది, తప్పుగా పలికితే టీచర్ దిద్దింది. ఆ పేర్లు అయిపోయేసరికి ఇద్దరి కళ్లూ తడిగా ఉన్నాయి. అప్పుడు అత్తమ్మ చాయ తెచ్చింది.

పుస్తకాన్ని మళ్లీ కుట్టింది జపానామే, మా గదిలో కూర్చుని. పాత దారం పనికిరాదన్నది. మా పట్టు దారాల్లో వెతికి, అప్పుడు మగ్గం మీదున్న చీర అంచుది, వంకాయ రంగుది ఏరుకుంది. కుట్టేటప్పుడు పుస్తకం కదలకుండా పట్టుకోమని టీచర్‌ను అడిగింది. నన్ను కాదు. టీచర్ రెండు అరచేతులూ అట్ట మీద ఆనించి ఒత్తి పట్టుకుంది. సూది ఆ వణికే వేళ్ల పక్క నుంచే లోపలికి దిగి పైకి వచ్చింది. ఒకచోట కుట్టు కొంచెం పక్కకు పోయింది. జపానామె దాన్ని విప్పలేదు.

పుస్తకం ఆమెతో వెళ్లిపోయింది. వెళ్లాల్సిందే కదా. ఆ తర్వాత టీచర్ మళ్లీ బొమ్మలు వేయడం మొదలుపెట్టింది. ఎందుకని నేను అడగలేదు. తూనీగలు, మిడతలు, జిల్లేడు ఆకు మీద పురుగులు. గీతలన్నీ వణికేవే. వాటిని చీర అంచుకు ఎక్కిద్దామని నేను గ్రాఫ్ కాగితం మీద ఎంతో ప్రయత్నించాను. గళ్లలో ఇమడలేదు. ఆ సంగతి చెబితే టీచర్ నవ్వింది. "గళ్లలకు రానియి కూడ ఉంటయి బిడ్డా, ఉండనియ్" అన్నది.

వనపర్తి నుంచి వచ్చి ఆమెను చూసుకున్న సాయంత్రం, జపానామెకు నేనే ఫోను చేశాను. విషయం ఎండినాక చెప్పే అలవాటు మా వీధిలో పోయింది, టీచర్ వల్లే. టీచర్ పోయేటప్పుడు ఏం చేస్తున్నది అని అడిగింది. గోడకు ఆనుకుని బయటికి చూస్తూ కూర్చున్నదట అని చెప్పాను.

"ఏం చూస్తున్నది?" అన్నది.

నాకు తెలియదన్నాను.

మూడో రోజు అస్థికలు కలపడానికి కృష్ణకు పోయాం. తిమ్మాజిపేట నుంచి వచ్చిన ఆమె తమ్ముడు, మేము, ఆమె దగ్గర చదువుకుని నాగర్‌కర్నూల్, వనపర్తి నుంచి వచ్చిన ఆడవాళ్లు కొందరు. పొద్దున నీళ్లు కదలకుండా ఉన్నాయి. తమ్ముడు కుండ పట్టుకుని మోకాళ్ల లోతుకు దిగి, ఇంకో అడుగు వేయబోయి ఆగిపోయాడు. ముందర కొంచెం దూరంలో తెల్ల కొంగ ఒకటి ఒంటికాలి మీద నిలబడి ఉంది. మెడ మడిచి, ముక్కు కిందికి పెట్టి, నీళ్లలోకి చూస్తోంది. మనిషి కదిలితే ఎగిరిపోతుంది. పంతులు గట్టు మీద నుంచి కానివ్వమని సైగ చేశాడు. తమ్ముడు కదల్లేదు. వెనక, గడ్డిలో మిడత చుట్టూ కూర్చున్నప్పటిలాగే, మేమెవ్వరం కదల్లేదు. చంకలోని పిల్ల ఏడవబోతే ఒకామె దాని నోటికి కొంగు అడ్డం పెట్టింది. కొంగ మెల్లగా, చాలా మెల్లగా, మెడ చాపడం మొదలుపెట్టింది.